వదిన నేర్చుకున్న నడక

రోజు 3

బడిలో నడక నేర్పేటప్పుడు ఒక్కో పిల్లకి ఒక్కో పుస్తకం పెడతాం. మొదటి పేజీలో పేరు, వయసు, ఏ కాలు ముందు వేస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నవి రాసుకుంటాం. ముప్పై ఎనిమిదేళ్ళ నా ఉద్యోగంలో వయసు దగ్గర ఆరో ఏడో తప్ప వేరే అంకె వేసి ఎరగను. ఈ పుస్తకంలో అరవై ఆరు అని వేశాను. పేరు దమయంతి. మా అన్నయ్య భార్య. పక్షవాతం వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

నడక ఆఫీసు నుంచి కాగితం వచ్చి మూడు రోజులైంది. వదిన పాత నడకని జాబితాలోంచి కొట్టేశారట. తొంభై రోజుల్లో కొత్త నడక నమోదు చేయించుకోవాలి, లేదంటే విశ్రాంతిపురానికి తరలిస్తారు. కాగితం కింద "మీ క్షేమం కోరే" అని కూడా ఉంది. చదివితే ఒళ్ళు మండింది.

విశ్రాంతిపురం పేరు వినడానికి బాగానే ఉంటుంది. కొండకి అవతల పెద్ద ప్రహరీ, ఒక గేటు. నడకని బట్టి మనిషిని గుర్తుపట్టి తలుపు తీసే పలకలు గేటుకి బయటివైపే ఉన్నాయి, లోపలివైపు లేవు. అంటే వెళ్ళడమే గాని రావడం లేదు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి కూడా తెరుచుకోదు. లోపల మూడు పూటలా అన్నం పెట్టి కూర్చోబెడతారని చెబుతారు. ఈ ఊళ్ళో దీపం వెలగాలన్నా, నీళ్ళ మోటారు తిరగాలన్నా మేం వీధిలో పలకల మీద వేసే అడుగులే ఆధారం. మధ్యాహ్నం ఊరంతా భోజనాలకి కూర్చుంటే ఫ్యాన్లు నీరసపడిపోతాయి. అలాంటి ఊరు కూర్చున్న మనిషిని ఎందుకు ఉంచుకుంటుంది?

వదినకి ఈ సంగతులన్నీ నాకంటే బాగా తెలుసు. ఊరి ఉత్తరాలన్నీ పంచిన మనిషి ఆవిడ. ఆవిడ మడమ చప్పుడు వీధి మొదట్లో వినిపిస్తే మా తలుపు ఇక్కడ గడియ తీసుకునేది. ఇప్పుడు అదే గుమ్మం ముందు నేను ఆవిణ్ణి ఎత్తి నిలబెడితే తలుపు ఉలకదు, పలకదు.

"ఇన్నేళ్ళు దీన్ని తుడిచి ముగ్గెట్టాను. ఇప్పుడు నేనెవరో తెలీదంట దీనికి," అంది వదిన.

రోజు 9

ఇవాళ నాలుగు అడుగులు వేయించాను. నడుముకి తుండుగుడ్డ కట్టి, వెనక నుంచి పట్టుకుని.

వెనక నుంచే పట్టుకోవాలి. మా ఉద్యోగంలో చేరిన రోజునే చెప్పే మాట అది. నేర్పేవాళ్ళు ఎప్పుడూ ముందు నడవకూడదు. ముందు నడిస్తే పిల్ల మన కాళ్ళు చూసి మన నడక పట్టేస్తుంది. ఒకరి నడక ఇంకొకరికి వచ్చిందా, ఇక పలకలకి ఇద్దరూ ఒకటే. అందుకని పిల్ల తనంతట తాను తడబడాలి, పడాలి, తన నడక తాను వెతుక్కోవాలి. మేం వెనక నుంచి పడకుండా పట్టుకుంటాం, అంతే.

వదినకి వెనక ఉండి చెప్పడం నచ్చలేదు. "ఎడమ కాలు, ఎడమ కాలు అంటావేంటే? ఎడమ కాలు ఎక్కడుందో నాకు తెలిస్తే నీతో పనేంటి?"

"నెమ్మదిగా వదినా. పిల్లలు కూడా మొదట్లో ఇలాగే..."

"నీ బళ్ళో పిల్లల్తో నన్ను కలపకు. నేను రోజుకి పద్దెనిమిది కిలోమీటర్లు తిరిగినదాన్ని. నువ్వేమో పిల్లకాయల చెయ్యి పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగావు."

ఈ మాట నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మొదటిసారి విన్నాను. అప్పటి నుంచీ అన్నం వడ్డించేటప్పుడొకసారి, బట్టలు ఆరేసేటప్పుడొకసారి వింటూనే ఉన్నాను. పక్షవాతంలో కూడా ఆవిడ దాన్ని మర్చిపోలేదు.

రోజు 19

పడిపోయింది. తుండుగుడ్డ నా చేతిలోనే ఉంది, మనిషి మాత్రం ముందుకి జారిపోయింది. గడ్డం చిట్లింది. పసుపు అద్దుతుంటే నా చెయ్యి తోసేసింది.

పంతొమ్మిది రోజుల్లో పదకొండు అడుగులు. నమోదుకి గేటు ముందు ఇరవై నాలుగు పలకలు ఆగకుండా దాటాలి. మా బడిలో ఆరేళ్ళ పిల్ల అయితే ఈపాటికి పరిగెడుతూ ఉండేది.

పొద్దుగూకాక వదిన తనే నన్ను పిలిచింది. గొంతు ఎప్పటిలా లేదు. "ఉత్పలా, కాలు నాకు తెలీడం లేదే. చూస్తే తప్ప ఎక్కడుందో తెలీదు. నువ్వు ముందు నడువు. నీ భుజాలు పట్టుకుంటాను. నీ కాలు చూసి నా కాలు వేస్తాను."

"అలా నేర్పకూడదు వదినా."

"ఎందుకు నేర్పకూడదు?"

చెప్పాను. వింది. విని నవ్వింది, గడ్డం నొప్పి పుట్టి ఆపేసింది. "ఓసి పిచ్చిదానా, అది పసిపిల్లల సంగతి. అరవై ఆరేళ్ళు ఒకలా నడిచినదానికి నీ నడక అంటుకుంటుందా? అంటుకోడానికి అదేమన్నా గజ్జా?"

రోజు 20

ముందు నడిచాను. ఆవిడ రెండు చేతులూ నా భుజాల మీద. పెరట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పన్నెండు అడుగులు, ఒక్కసారి కూడా ఆగలేదు.

మూడు రోజులే ఇలా నడిపిస్తాను. ధైర్యం చిక్కగానే మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతాను.

రోజు 34

మూడు రోజులు రెండు వారాలయ్యాయి. పెరడు నాలుగు చుట్లు తిరుగుతోంది. భుజాల మీద బరువు తగ్గింది, వేళ్ళు మాత్రమే ఆనిస్తోంది.

ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు కాబట్టి నిజం రాస్తాను. నేను వెనక్కి వెళ్ళకపోవడానికి కారణం ఆవిడ కాలు ఒక్కటే కాదు. ఇరవై మూడేళ్ళప్పుడు ఉద్యోగం వచ్చి అన్నయ్య ఇంట్లో దిగాను. అప్పటి నుంచి బజారుకి వెళ్తే సంచీ పట్టుకుని వదిన వెనక, పేరంటానికి వెళ్తే పళ్ళెం పట్టుకుని వదిన వెనక. అన్నయ్య పోయినరోజు కూడా శవం వెనక వదిన, వదిన వెనక నేను. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగి, వస్తున్నానా లేదా అని చూసిన గుర్తు లేదు. ఇప్పుడు ఆవిడ నా వెనక నా కాళ్ళు చూసుకుంటూ వస్తోంది. అది నాకు ఎంత బాగుందో రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను, బాగుంది.

రోజు 52

ఇవాళ నడుస్తూ నడుస్తూ వదిన ఆగిపోయిందేమోనని వెనక్కి తిరిగాను. వెనక అడుగుల చప్పుడు లేదు. తీరా చూస్తే నాకు జానెడు దూరంలో వస్తూనే ఉంది.

"ఏంటి అలా చూస్తున్నావు?"

"ఏం లేదు."

మళ్ళీ నడిచాను, చెవి పెట్టి విన్నాను. ఆవిడ అడుగు నా అడుగులో కలిసిపోతోంది. రెండు జతల కాళ్ళు, ఒక్కటే చప్పుడు. పాత వదిన అయితే మడమతో నేలని గుద్దేది.

ఎండలో ఎక్కువసేపు తిరిగాను, చెవులు సరిగ్గా పనిచేయడం లేదు అని సర్దిచెప్పుకున్నాను.

రోజు 71

వదిన ఒంటరిగా వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. గుమ్మంలో కూర్చుని చూశాను. ఊళ్ళోవాళ్ళు చప్పట్లు కొట్టారు. పక్కింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చి, "వెనక నుంచి చూసి ఉత్పలా అని కేకేశాను. తిరిగితే మీ వదిన!" అని పగలబడి నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నేనూ వెనక నుంచే చూస్తున్నాను.

పిల్లల చెయ్యి పట్టుకుని నడిచీ నడిచీ నేను కుడివైపు కాస్త వంగి నడుస్తాను. కుడిచెయ్యి ఊగదు, కిందికి చాచి ఉంటుంది, వేళ్ళు కొంచెం ముడుచుకుని. పక్కన పిల్ల లేనప్పుడు కూడా అంతే. వదినకి పిల్లల్లేరు. ఏ పిల్ల చెయ్యీ పట్టుకుని ఒక పూట నడిచిన మనిషి కాదు. అలాంటిది కుడివైపు వంగి, చెయ్యి చాచి, వేళ్ళు ముడిచి, ఎవరో పిల్లని బడికి తీసుకెళ్తున్నట్టు నడిచి వెళ్ళింది.

సాయంత్రం ఆవిణ్ణి ముందు నిలబెట్టి నేను వెనక్కి వెళ్ళాను. "నా కాళ్ళు చూడకు. నీ ఇష్టమొచ్చినట్టు వెయ్యి" అన్నాను. రెండడుగులు వేసి కొయ్యబారిపోయింది. చెమటలు పట్టాయి. "నా ఇష్టమంటే ఎలా వెయ్యాలే?" అంది.

ఇంకా పంతొమ్మిది రోజులుంది. చెరిపేసి మళ్ళీ నేర్పడానికి అది చాలదు. పక్కింటావిడ కళ్ళు మోసపోతే పలకలూ మోసపోవాలని లేదు. అవి ఇంకా సన్నగా చూస్తాయి. ఆ నమ్మకంతోనే ఊరుకున్నాను.

రోజు 88

నడక ఆఫీసు. నమోదు చేసే అధికారి వీరభద్రం. ఆరేళ్ళప్పుడు వాడికి నేనే నడక నేర్పాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "టీచర్ గారూ, మీరు తీసుకొచ్చారంటే ఇక చూసేదేముంది" అని వదినకి కుర్చీ వేయించాడు.

వదిన కొత్త చీర కట్టుకుంది. ఇరవై నాలుగు పలకలు దాటింది. ఆగలేదు, తూలలేదు. చివరి పలక మీద కాలు పెట్టగానే గేటు తెరుచుకుంది. అన్ని గేట్లలోనూ వినిపించే ఆ తీయని గొంతు పలికింది.

"నమస్కారం, ఉత్పల గారూ."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. వీరభద్రం కూడా నవ్వి, "మళ్ళీ ఒకసారి అమ్మగారూ" అన్నాడు. మళ్ళీ నడిచింది. నమస్కారం, ఉత్పల గారూ. మూడోసారి నడిచాక ఎవరూ నవ్వలేదు.

నన్ను పక్కకి పిలిచాడు. "టీచర్ గారూ, మీరు ముందు నడిచారా?"

తల ఊపాను. నా ముందు ముక్కు చీదుకుంటూ ఏడ్చిన పిల్లవాడి ఎదుట తలెత్తలేకపోయాను.

"మాకు రూలు ఒక్కటే. ఒక నడకకి ఒక్కరే మనిషి. వారంలో మీ ఇద్దరిలో ఒకరు నడక మార్చుకోవాలి. మారకపోతే ఇద్దరివీ కొట్టేస్తారు. తర్వాత సంగతి మీకు తెలుసు." బల్ల మీది కాగితాలు సర్దుతూ, "నా చేతిలో ఏం లేదండి" అన్నాడు. తన చేతిలో ఏం లేనివాడికి అంత పెద్ద బల్ల ఎందుకో నాకు అర్థం కాలేదు.

రోజు 89

వదిన ఒక మాట అంటుందని పొద్దుటి నుంచి ఎదురు చూశాను. "నేను పోతానులే, నా వల్ల నీకెందుకు" అంటుందని. అనగానే వద్దు అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను కూడా. ఆవిడ బెండకాయలు తరిగింది. అన్నం తింది. మజ్జిగలో ఉప్పు తక్కువైందంది.

చివరికి నేనే నోరు జారాను. కోపంతో అన్నాను, ప్రేమతో కాదు. "నీకు ఇంకో నడక రాదు. నేనే మార్చుకుంటాను. నేర్పేదాన్ని కదా, నాకేం కష్టం!"

"సరే" అంది.

అంతే. సరే.

రోజు 93

కుంటినడక, ఈడ్పునడక, పొట్టి అడుగులు, బారు అడుగులు. ఏ నడకైనా పది అడుగులు వేసి చూపించగలను, బడిలో ఏళ్ళ తరబడి చేసిన పనే. కానీ పదకొండో అడుగులో పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. అప్పుడు నా కాళ్ళు నా నడకలోకి వచ్చేస్తాయి. పగలంతా గుర్తుపెట్టుకుని ఎలా నడవడం?

బడి ఎగ్గొట్టాలనుకునే పిల్లలు చెప్పులో గులకరాయి వేసుకుంటారు. గేటుకి నడక తెలియక తెరుచుకోదు, వాళ్ళు హాయిగా ఇంటికి పోతారు. ఇలాంటి రాళ్ళు ఎన్ని చెప్పుల్లోంచి తీసి పారేశానో, ఎన్ని చెవులు మెలిపెట్టానో. ఈరోజు పెరట్లో వెతికి ఒకటి ఏరుకున్నాను. చింతగింజంత ఉంది. కుడి చెప్పులో మడమ కింద పెట్టుకున్నాను. ఇప్పుడు పాలు గుర్తొచ్చినా, పప్పు గుర్తొచ్చినా కాలు దాని దారికి పోదు. రాయి పోనివ్వదు.

రోజు 95

నమోదైంది. నా పాత నడక దమయంతి పేరు మీదికి మారింది. నా కొత్త నడక పక్కన "లోపం గలది" అని రాశారు. లోపం గల నడక ఉన్నవాళ్ళు పిల్లలకి నేర్పకూడదట. హెడ్మాస్టరు చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే బడి గేటు జాబితాలో నా పేరు కొట్టేశాడు.

ఇంటి గుమ్మం ముందు వదిన నిలబడగానే తలుపు "నమస్కారం, దమయంతి గారూ" అంది. ఆవిడ చీర చెంగుతో తలుపు చెక్క తుడిచింది.

రోజు 108

ఇంట్లో కూడా పలకలే. మంచం మీద తప్ప చెప్పు విప్పే వీలు లేదు. ఒక్కసారి మర్చిపోయి వట్టి కాళ్ళతో వంటింట్లోకి వెళ్తే, ఒకే సమయంలో బజారులో ఒక దమయంతి, వంటింట్లో ఒక దమయంతి అని ఆఫీసులో గంట మోగుతుంది. మడమ మొదట పొక్కింది. తర్వాత పగిలింది. ఇప్పుడు రోజూ తడిగానే ఉంటోంది. కట్టు కడితే రాయి నొక్కుడు తగ్గి నడక పాతబడుతుంది, కాబట్టి కట్టు కూడా లేదు.

వదిన పొద్దున్నా సాయంత్రమూ తిరిగొస్తోంది. నా వంపుతో, నా కుడిచెయ్యితో. కిటికీలోంచి చూస్తే నేనే బజారుకి పోతున్నట్టు ఉంటుంది. లోపల ఉన్న నేను ఎవరినో నాకే తెలియకుండా పోతోంది. ఈ మాట ఎవరితో చెప్పుకోను? నవ్వుతారు.

ఇవాళ ఆవిడ సంచీ బల్ల మీద పెడుతూ అంది. "మీ బడి పిల్లలు దూరం నుంచి టీచర్ టీచర్ అంటూ పరిగెత్తుకొచ్చారు. దగ్గరికొచ్చి ముఖం చూసి ఆగిపోయారు. ఒక పిల్ల మాత్రం చెయ్యి పట్టేసుకుంది. చూసుకోకుండా."

"ఏం చేశావు?"

"ఏం చేస్తాను? వదిలించుకోబుద్ధి కాలేదు. వాళ్ళింటి దాకా తీసుకెళ్ళి దిగబెట్టాను."

ఏడుపొచ్చింది. పెరట్లోకి పోయి ఏడుద్దామంటే అంత దూరం నడవాలి.

రోజు 113

మధ్యాహ్నం కునుకు పట్టింది. లేచేసరికి వదిన మంచం పక్కన కింద కూర్చుని ఉంది. నా కుడి చెప్పు ఆవిడ ఒళ్ళో ఉంది. రాయి అరచేతిలో.

"రోజూ ఇదేనా?"

"అలవాటైపోయింది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేసేదానివి? సరే అనేదానివి."

ఆ మాట తగిలిందని ముఖం చూస్తే తెలిసింది. తగలాలనే అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి ఆముదం కాచి తెచ్చింది. నా మడమ ఒళ్ళో పెట్టుకుని రాసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నా ఒంటి మీద చెయ్యి వేసింది నడక నేర్చుకునేటప్పుడు మాత్రమే, అదీ భుజాల మీద, తను పడకుండా. ఇప్పుడు వేళ్ళు చాలా మెత్తగా ఉన్నాయి. నాకు అంత మెత్తదనం భరించడం చేతకాలేదు, కాలు లాక్కున్నాను.

"ఆ రోజు సరే అన్నానని కోపమా?" అంది.

లాక్కున్న కాలు చీర కిందికి ముడుచుకున్నాను.

"భయమేసిందే. విశ్రాంతిపురం అంటే భయమేసింది. నువ్వు మార్చుకుంటాననగానే, ఎక్కడ మాట మార్చేస్తావోనని సరే అనేశాను."

రోజు 114

పొద్దున్నే చీర మార్చుకుని బజారుకి వెళ్ళింది. సంచీ మర్చిపోయిందేమిటా అనుకున్నాను.

నాలుగు రోడ్ల కూడలిలో, సరిగ్గా మధ్య పలక మీద, వదిన కూర్చుందట. జనం లేపబోతే లేవలేదట. పలకల మీద పావుగంట కూర్చుంటే విశ్రాంతిపురం డోలీ వస్తుంది. వచ్చింది. మోసేవాళ్ళు అడిగారట, కాలు నొప్పా అమ్మా, కళ్ళు తిరిగాయా అని.

"ఏ నొప్పీ లేదు. నాకు నడవడం ఇష్టం లేదు. అలాగే రాసుకోండి. ఈ నడక నాది కాదు, మా ఉత్పలది. దానికిచ్చెయ్యమని కూడా రాసుకోండి," అందట.

పక్కింటావిడ వచ్చి ఇదంతా చెప్పింది. రాయి గుచ్చుకుంటున్నా పరిగెత్తాను. ఈ నడకతో పరిగెత్తితే అది ఎవరైనా చూసి నవ్వే పరుగే. కూడలికి చేరేసరికి డోలీ కొండ మలుపు తిరిగిపోయింది.

రోజు 116

వీరభద్రం మళ్ళీ లేచి నిలబడ్డాడు. నాకు ఈ మర్యాద చూస్తేనే అసహ్యం వేస్తోంది.

"కావాలని కూర్చున్నవాళ్ళకి తొంభై రోజుల గడువు ఉండదండి. ఇక ఆవిడ రారు."

"నా నడక నాకిచ్చెయ్యమని చెప్పింది కదా."

కాగితాలు తిప్పాడు. తిప్పకపోయినా జవాబు తెలిసినవాడే. "తరలించినవాళ్ళ నడక ఇంకెవరికీ ఇవ్వరు టీచర్ గారూ. అన్ని గేట్లలోనూ కొట్టేస్తారు. మీ వదినగారికి ఈ రూలు తెలియదనుకుంటాను."

తెలియదు. తెలిస్తే కూర్చునేది కాదు. నేను రాయి తొక్కింది ఆవిడ ఇక్కడ ఉండాలని. ఆవిడ కూడలిలో కూర్చుంది నా రాయి పోవాలని. ఇప్పుడు ఆవిడా లేదు, రాయీ పోలేదు. ఇంత తెలివితక్కువగా ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు మేలు చేసుకోవడం ఈ ఊళ్ళో ఎక్కడా జరిగి ఉండదు.

లేవబోతూ అడిగాను. "అన్ని గేట్లలోనూ కొట్టేశారా?"

"విశ్రాంతిపురం గేటు ఒక్కదానికి ఉంచుతాం. ఎవరైనా ఎలాగోలా బయటపడి తిరిగొస్తే లోపలికి తీసుకోవాలి కదా."

రోజు 119

ఐదు రోజులుగా ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. తలుపు నన్ను చూసి "నమస్కారం" అంటుంది గాని, నడక నాది కాదు కాబట్టి ఆ నమస్కారం నాకు చెబుతున్నట్టు ఉండదు. వదిన కంచం బోర్లించి ఉంది. మజ్జిగలో ఉప్పు చాలిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఆవిడ మీద కోపంగా ఉంది. నన్ను అడక్కుండా ఎలా పోతుంది? జీవితంలో ఒక్క పనైనా నన్ను అడిగి చేసిందా?

బట్టలు రెండు జతలు, ఆముదం సీసా, ఈ పుస్తకం సర్దుకున్నాను.

రోజు 120

కొండ దాటేదాకా రాయితోనే నడిచాను. ప్రహరీ కనిపించాక ఒక గట్టు మీద కూర్చుని చెప్పులు రెండూ విప్పేశాను. రాయిని లోయలోకి విసిరాను. చప్పుడు వినిపించలేదు.

వట్టి కాళ్ళతో గేటు ముందు పలకల మీద నడిచాను. ఇరవై ఐదు రోజుల తర్వాత నా నడక. మొదటి రెండు అడుగులు తడబడ్డాయి. మూడో అడుగుకి కుడివైపు వంగిపోయాను, చెయ్యి దానంతట అదే చాచుకుంది. ఏడుస్తూ నడిచాను, సిగ్గేం లేదు.

గేటు తెరుచుకుంది. "నమస్కారం, దమయంతి గారూ. మీరు లోపలే ఉండాలి." అంతే మర్యాదగా నా వెనక మూసుకుంది.

లోపల నేల మట్టి. పొడుగాటి రేకుల షెడ్డు, దాని కింద బల్లలు, బల్లల నిండా మనుషులు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మూడో వరసలో వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆరు రోజులకే ఎడమ కాలు మళ్ళీ బిగుసుకుపోయినట్టుంది, పక్కకి పడేసుకుని ఉంది. నన్ను ఆ చివరి నుంచే చూసింది. కళ్ళు చికిలించి, నేను దగ్గరికి వచ్చేదాకా అలాగే చూస్తూ ఉంది.

"ఎవరో నాలా నడుచుకుంటూ వస్తున్నారనుకున్నాను," అంది. నా కాళ్ళ వంక చూసింది. చెప్పుల్లేవు, రాయీ లేదు. ఆవిడ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. "ఇచ్చేశారన్నమాట నీ నడక!"

"ఇచ్చేశారు వదినా."

"చెప్పానా! రాసుకోండర్రా అని గట్టిగా చెప్పాను. ఇక మళ్ళీ బళ్ళోకి రానిస్తారా?"

"సోమవారం నుంచి రమ్మన్నారు."

"మంచిదైంది. నన్ను చూడ్డానికి కూడా రానిచ్చారే. ఎవర్నీ రానివ్వరంటారు కదా."

"వీరభద్రం మనవాడు కదా. ఒక్క పూటకి చీటీ ఇచ్చాడు."

ఆవిడ పక్కన బల్ల మీద కాస్త జరిగింది. అన్నేళ్ళలో ఆవిడ నా కోసం జరగడం అదే మొదలు. "నించున్నావేం, కూర్చో. భోజనం చేసి పొద్దుండగానే వెళ్ళిపో. కొండ దారి మంచిది కాదు."

కూర్చున్నాను.

రోజు 121

నిన్న మధ్యాహ్నం భోజనం అయింది. రాత్రి భోజనం అయింది. ఇవాళ పొద్దుటి జావ కూడా అయింది. వదిన నన్ను రెండుసార్లు అడిగింది, ఎప్పుడు వెళ్తావని. ఇప్పుడు అడగడం మానేసి, నా చెయ్యి పట్టుకుని గేటు వైపు చూస్తోంది.